సగం నాది, సగం తొమ్మిదో తరగతిది

లెక్కల టీచర్‌గా ఇన్నేళ్లలో నేను ఒక్క వాక్యమైనా పూర్తిగా చెప్పిన పాపాన పోలేదు. "త్రిభుజంలో మూడు కోణాల మొత్తం నూట ఎన..." అని ఆగేదాన్ని. "భై!" అని క్లాసంతా అరిచేది. "సమాంతర రేఖలు ఎంత దూరం పోయినా కల..." అనేదాన్ని. "వవు!" అని కిటికీలు అదిరేవి. తడి చీర ఆరేసేటప్పుడు ఇద్దరు చెరో అంచు పట్టుకున్నట్టు, మాటకు ఈ చివర నేను, ఆ చివర వాళ్లు. ఇది ఏ శిక్షణలోనూ నేర్పింది కాదు. నాకు చదువు చెప్పినవాళ్లు నాకిలాగే చెప్పారు, నేనూ అలాగే చెప్పాను. మా బాన్సువాడ చుట్టుపక్కల ఏ బడి గోడ పక్కనుంచి నడిచినా ఈ సగం మాటలే వినిపిస్తాయి.

బయటివాళ్లకు ఇది ఉత్త కేకల్లా అనిపించవచ్చు. నాకు మాత్రం ఆ "భై"లోనే హాజరు, పరీక్ష, మార్కులు అన్నీ ఉండేవి. అర్థమైన రోజు అది ఒక్క గొంతులా వచ్చేది. అర్థం కాని రోజు ముందు బెంచీల్లో పుట్టి వెనక బెంచీలకు చేరేలోపే చచ్చిపోయేది. మధ్యాహ్న భోజనం తర్వాతి "భై"లో పప్పు ఎంత పడిందో కూడా తెలిసేది. కొస ఎక్కడ వదులైందో చూసుకుని మళ్లీ మొదటినుంచి లాగేదాన్ని.

చిక్కల్లా ఏమిటంటే, ఆ అలవాటు బడి గేటు దగ్గర ఆగేది కాదు. ఇంట్లో కూడా "బియ్యం అయిపో..." అని ఆగి మా ఆయన మొహంలోకి చూసేదాన్ని.

"అయిపోయినయంటే అయిపోయినయని చెప్పు. సగం చెప్పి ఊకుంటవేంది? నేను తొమ్మిదో తరగతోణ్ణి కాదు" అనేవాడు.

పోయిన ఏడు వానాకాలంలో నా గొంతు పట్టేసింది. చలువ చేసిందనుకున్నాను. మిరియాల పాలు తాగాను, ఉప్పునీళ్లు పుక్కిలించాను. బొంగురు తగ్గలేదు సరికదా, ఒకరోజు "నూట ఎన" అనబోతే "నూట" దగ్గరే మాట తెగిపోయింది. నిజామాబాద్ దవాఖానకు పోయాం. డాక్టరు గొంతులోకి సన్నటి గొట్టం పంపి, తెర మీద చూపించాడు. "అరిచీ అరిచీ ఆనెకాయలు కట్టినయ్ మేడం. చెప్పులు కరిస్తే కాలికి కడతయ్ చూడుండ్రి, గట్లనే" అన్నాడు. కొన్ని వారాలు మాటే వద్దన్నాడు. ఆ తర్వాత కూడా క్లాసులో గొంతెత్తితే ఉన్నది కూడా పోతుందన్నాడు. పాత గొంతు మళ్లీ వస్తుందా అని కాగితం మీద రాసి అడిగాను. అది చదివి, కాగితం మడిచి నాకే ఇచ్చి, మందులు రాశాడు. జీవితంలో మొదటిసారి నిజంగానే గొంతెమ్మ కోరిక కోరానని అర్థమైంది.

ఆ మౌనపు వారాల్లో మొదటి రెండు రోజులు మా ఆయన "ఇల్లు నిమ్మళంగ ఉంది" అన్నాడు. తర్వాత టీవీ సౌండు పెంచాడు. ఆ తర్వాత ఒక సాయంత్రం పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, నా ఎదురుగా కూర్చుని, "పూరా వద్దు గని, జర సగమన్న చెప్పరాదు" అన్నాడు. నవ్వాను. నవ్వుకూ చప్పుడు లేదు.

తిరిగి బడికి వచ్చేసరికి గొంతు పొద్దున్నే కాసేపు బాగానే ఉండేది. బడి గంట కొట్టే వేళకు గుసగుసగా మారేది. హెడ్మాస్టరు సారు మంచి మనిషి. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఫ్యాను వేసి, విషయం చెప్పాడు.

"మేడం, మండలాఫీసుల కంప్యూటర్ పనికి ఒక మనిషి కావాల్నంట. హాజర్లు, వివరాలు ఆన్‌లైన్ల ఎక్కించుడే. మీ పేరు పంపమంటరా? మాట్లాడే పనే ఉండదు."

"మాట్లాడకుంట నేనేం చేస్త సార్?" అన్నాను గుసగుసగా.

"గదే కదా మేడం నేను చెప్పేది. పిల్లల ముంగట నిలబడితే మీరు ఊకుంటరా? ఫికర్ చేయకుండ్రి, దసరా సెలవులు అయినంక చెప్పుండ్రి."

అంటే దసరా దాకా నేను టీచర్ని. తర్వాత సంగతి నా గొంతు చెప్పాలి. అది చెప్పే స్థితిలో లేదు.

నేను లేని రోజుల్లో తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పింది ప్యానెల్. రెండేళ్ల కిందట వచ్చిందది. పెద్ద టీవీలా ఉంటుంది, తాకితే పలుకుతుంది. నల్లబోర్డుకు సరిగ్గా నడుమ బిగించారు. అటు ఒక చారెడు, ఇటు ఒక చారెడు నల్లదనం మిగిలింది. కొత్తల్లో నేను దాని మీద రాస్తుంటే నా గాజులు తగిలి అవి కూడా గీతలు గీసేవి. త్రిభుజం ఒకటి నేను గీస్తే పక్కన పిచ్చిగీతలు గాజులు గీసేవి. "టీచర్, గా గీతలు పరీక్షల వస్తయా?" అని అడిగారు వెనకవాళ్లు. గాజులు మోచేతి దాకా తోసుకుని పాఠం చెప్పడం అలా నేర్చుకున్నాను.

దాన్ని ఆడిపోసుకోను. నేను ఏళ్ల తరబడి పాత పెళ్లిపత్రికలు కత్తిరించి త్రిభుజాలు చేసి, మూలలు చింపి, పక్కపక్కన అతికించి, "చూడండి, సరళ కోణం" అని చూపేదాన్ని. సగం మూలలు గాలికి ఎగిరిపోయేవి. ప్యానెల్ మీద త్రిభుజం శిఖరాన్ని వేలితో పట్టి లాగితే చాలు. బక్కదవుతుంది, వాలిపోతుంది, సాగిపోతుంది, కోణాల అంకెలు క్షణక్షణానికి మారతాయి, మొత్తం మాత్రం నూట ఎనభై దగ్గర కదలకుండా కూర్చుంటుంది. మొదటిసారి చూసినప్పుడు పిల్లలకంటే నేనే ఎక్కువసేపు లాగాను. "టీచర్, మాకు సుత ఇయ్యుండ్రి" అని వాళ్లు లైను కట్టారు.

అందులో తయారుచేసి పెట్టిన పాఠాలు కూడా ఉన్నాయి. ఎక్కడో చల్లటి గదిలో ఒకామె చక్కటి తెలుగులో, తర్వాత అంతే చక్కటి ఇంగ్లీషులో చెప్తుంది. ప్రతి వాక్యమూ పూర్తి చేస్తుంది. చివర నాలుగు జవాబుల ప్రశ్నలు వస్తాయి. సరైనది తాకితే పూలు రాలతాయి. తప్పు పట్టడానికి ఏమీ లేదు. నా బాధ కూడా అదే. నేను తిరిగి వచ్చేసరికి తొమ్మిదో తరగతి ఆ పాఠాలకు అలవాటుపడి, చేతులు కట్టుకుని, బుద్ధిగా, చప్పుడు లేకుండా ఉంది. నేను ముందు నిలబడి "నూట ఎన..." అని గుసగుసలాడాను. మొదటి బెంచి అమ్మాయి "ఏంది టీచర్?" అంది. అంతే.

ఆ రోజు స్టాఫ్ రూములో ఆలోచన చెప్పింది మా కంప్యూటర్ టీచర్. నాకంటే చాలా చిన్నది. పుట్టిల్లు మద్నూర్ పక్కన, మరాఠీ సరిహద్దులో. తెలుగులో మొదలుపెట్టిన మాట మరాఠీలో ముగించడం ఆమెకు అలవాటు. సగం మాటల మనిషికి ఆమె నచ్చడంలో వింతేముంది?

"అక్కా, పొద్దుగాల నీ గొంతు మంచిగనే ఉంటది గదా? అప్పుడు రికార్డు చేద్దాం. ప్యానెల్ మీద నువ్వు గీసేది, చెప్పేది రెండూ ఎక్కుతయ్. క్లాసుల అదే పెట్టు. ఎవ్వలదో గొంతు ఎందుకు, నీదే ఉంటది."

నా గొంతు నాకంటే ఎక్కువ రోజులు బడికి వచ్చే దారి దొరికిందన్నమాట. హాజర్లు ఎక్కించే కుర్చీ నుంచి తప్పించుకునే దారి కూడా అదే అనుకున్నాను.

మర్నాటి నుంచి బడి గంటకు ముందే వచ్చి, ఖాళీ క్లాసులో తలుపులు వేసుకుని పని మొదలుపెట్టాం. కొంగుకు చిన్న మైకు తగిలించింది. త్రిభుజం గీశాను. గాజులు ముందే తీసేశాను. గొంతు బాగుంది. "త్రిభుజంలో మూడు కోణాల మొత్తం నూట ఎన..." అని ఆగాను.

ఖాళీ బెంచీలు. బయట అన్నం వండే అక్క గిన్నెలు తోముతున్న చప్పుడు. ఆగే ఉన్నాను.

"అక్కా, మర్చిపోయినవా?" అంది కంప్యూటర్ టీచర్ మెల్లగా.

"నేనెందుకు మర్చిపోత? పిల్లలు చెప్పాలె."

"పిల్లలు లేరు గదనే అక్కా! ఖాళీ బెంచీలను అడుగుతున్నవ్."

మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి పూర్తిగా చెప్దామనుకున్నాను. "ఎన" దగ్గరికి రాగానే నోరు దానంతట అదే ఆగింది. ఎండకు మొండికేసిన ఎద్దులా నిలబడిపోయింది. ఎన్నిసార్లు చేసినా ఇంతే. చివరికి ఆమె, "సరే, నీకు వచ్చినట్లు చెప్పు, నేను సదురుత" అంది.

ఆమె పాఠం సర్దడానికి వాడిన యాప్‌లో ఒక మీట ఉంది. అది నొక్కితే రికార్డింగులో చప్పుడు లేని చోట్లన్నీ వెతికి కత్తిరించేస్తుంది. ఆమెకది మామూలు పని, ఎవరి వీడియో అయినా అలాగే శుభ్రం చేస్తారట. మంచి మనసుతో నొక్కింది. సాయంత్రానికి పాఠం సగానికి సగం చిక్కిపోయి తయారైంది. నేను వినకుండానే తెల్లారి తొమ్మిదో తరగతిలో పెట్టాను.

"త్రిభుజంలోమూడుకోణాలమొత్తంనూటఎన సమాంతరరేఖలు ఎంతదూరంపోయినాకల కాబట్టిఈరెండూసమా ఇప్పుడు చూడుండ్రి..." అని నా గొంతు ఉరికింది. పిల్లలు నోళ్లు తెరిచేలోపే అది తర్వాతి సిద్ధాంతంలో ఉంది. "భై" అనబోయినవాళ్ల "భై" ఎక్కడో "వవు" అనాల్సిన చోట పడింది. క్లాసు ఒకటే నవ్వు.

"టీచర్, పిట్లం బస్సు పోతుందా? గంత ఉరుకుడేంది!" అన్నాడొకడు.

నేను కూడా నవ్వాను. అయితే వెనక బెంచిలో తండా నుంచి వచ్చే అమ్మాయి నవ్వలేదు. ఆ అమ్మాయి ఇంట్లో వాళ్ల భాషే మాట్లాడతారు. మా పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు, ఆమె భాషకు పేజీ లేదు. అందుకని క్లాసంతా "భై" అని ఊరుకున్నాక, చివరి బస్సులా ఆమె "భై" వచ్చేది. అది వచ్చేదాకా నేను ముందుకు కదిలేదాన్ని కాదు. తొందరపడేవాళ్లు మూలుగుతుండేవాళ్లు, మూలగనిచ్చేదాన్ని. ఆ రోజు ఆమె నోరు సగం తెరిచి, అలాగే మూసేసుకుంది. నిజానికి ఆ యాప్ కత్తిరించిన ఖాళీలన్నీ ఆ అమ్మాయి వాటా.

సంగతి చెబితే కంప్యూటర్ టీచర్ నాలుక కరుచుకుంది. "అయ్యో, నాకేం ఎరుక అక్కా! తిరిగి పెడత. ఎన్ని సెకండ్లు పెట్టమంటవ్?"

లెక్కల టీచర్ని, అదొక్కటీ ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఎండాకాలం ఒకలా ఉంటుంది, వానాకాలం ఒకలా. కొత్త పాఠానికి ఒకలా, పాతదానికి ఒకలా. వాళ్ల మొహాలు చూసి ఆగేదాన్ని, వాళ్ల మొహాలు చూసి కదిలేదాన్ని. దాన్ని ఏ యాప్‌లో ఎంత అని రాయాలి?

"నువ్వేం పెట్టకు. కత్తిరించకు. ఉన్నదున్నట్టు ఇయ్యి. క్లాసుల నేనే ఆపుత" అన్నాను.

"ప్యానెల్ పక్కన నిలబడి ఆపుడు, నడుపుడు?"

"ఊఁ."

"అయితే నీది ఇప్పుడు కండక్టర్ నౌకరి అక్కా. ఆపు, రైట్. ఆపు, రైట్."

ఆ కండక్టరు నౌకరీ సాగింది. నా గొంతు ప్యానెల్ లోంచి "నూట ఎన..." అనేది. నేను తెర మీద వేలు పెట్టి ఆపేదాన్ని. "భై!" వచ్చేది. తండా అమ్మాయి "భై" కూడా వచ్చాక మళ్లీ తాకేదాన్ని. కొద్ది రోజుల్లోనే వాళ్ల చేతులు విడిపోయాయి, అరుపులు పెరిగాయి. నా కొసలు నాకు దొరికాయనుకున్నాను. సెలవులు రాకముందే హెడ్మాస్టరు సారుకు "ఆఫీసు వద్దు సార్" అని చెప్పేద్దామని కూడా అనుకున్నాను.

అంతలో ఒకరోజు, చతుర్భుజాల పాఠం నడుస్తుండగా, మొదటి బెంచి పిల్లవాడు మర్యాదగానే అన్నాడు.

"టీచర్, జర పక్కకు జరుగుండ్రి. కనిపిస్తలేదు."

జరిగాను. జరిగాక చూశాను. క్లాసులో ఒక్కరి చూపు కూడా నా మీద లేదు. వాళ్ల మొహాలన్నీ ప్యానెల్ వైపు వెలుగుతున్నాయి. "భై" అన్నా, "వవు" అన్నా ఆ గాజు పలకకే చెబుతున్నారు. తప్పేముంది? గొంతు ఎక్కడినుంచి వస్తే అటే కదా చూస్తారు. గొంతు నాదే. నేనే దానికి అడ్డంగా ఉన్నాను. ఇన్నేళ్లూ ఎండలో చలి కాచుకున్నట్టు కాచుకున్న ఆ మొహాలు నా పక్కనుంచి దాటి పోతుంటే, అటుపక్క మిగిలిన చారెడు నల్లబోర్డుకు వీపు ఆనించి, గంట కొట్టేదాకా ఆపుతూ, నడుపుతూ ఉన్నాను.

సెలవులు వచ్చాయి. బతుకమ్మ చుట్టూ తిరిగాను, పాడలేదు, పెదవులు కదిపాను. పక్కనున్న ఆడవాళ్లు ఒక చరణం పాడి ఆగితే, మిగిలినవాళ్లు అందుకునేవాళ్లు. అది వింటుంటే బడి గుర్తుకొచ్చి చప్పట్లు తప్పాను. ఇంటికొచ్చి మా ఆయనతో, "ఆఫీసుకే పోత" అన్నాను. వాక్యం పూర్తిగా వచ్చేసరికి ఆయన తలెత్తి చూశాడు.

"నిజంగ అంటున్నవా?" అన్నాడు.

సెలవుల తర్వాత మొదటి రోజే హెడ్మాస్టరు సారు గదికి వెళ్లాను. సారు మీటింగుకని పెద్ద కొడప్‌గల్ పోయాడట, మధ్యాహ్నం దాటాక వస్తాడట. వరండాలో కంప్యూటర్ టీచర్ ఎదురైంది. ఆమెకు విషయం చెప్పాను. పిల్లవాడు జరగమన్న సంగతి కూడా చెప్పాను.

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"జరగమంటే జరుగక్కా. గని మండలాఫీసు దాంక ఎందుకు జరుగుడు? ఎనక బెంచి దాంక జరుగు" అంది. ల్యాబులోంచి తీగ లేని మౌస్ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. "గిది ఎంత దూరం నుంచైనా పని చేస్తది. నీ గొంతు ముంగట ఉంటది, నువ్వు ఏడనన్న ఉండు."

మధ్యాహ్నం తర్వాత తొమ్మిదో తరగతి. పాఠం పెట్టి, వరసల మధ్య నడుచుకుంటూ వెనక్కి పోయాను. వెనక బెంచిలో తండా అమ్మాయి పక్కన చోటుంది. కూర్చున్నాను. ఆ అమ్మాయి కంగారుగా లేవబోయింది. చేత్తో కూర్చోమన్నాను.

అక్కడినుంచి మొహాలు కనిపించవు. నేను పోగొట్టుకున్నది పోయినట్టే. జడలు, రిబ్బన్లు, వంగిన మెడలు, నూనె పెట్టిన తలలు కనిపించాయి. ముందునుంచి నా గొంతు వచ్చింది. బొంగురు లేదు, అలుపు లేదు, పొద్దుటి గొంతు. దాన్ని నేనెప్పుడూ పిల్లల వైపు కూర్చుని వినలేదు. ఊరికి పోయిన మనిషి ఫోనులో మాట్లాడుతున్నట్టుంది. మళ్లీ ఎప్పుడొస్తావని అడగాలనిపించింది.

"త్రిభుజ బాహ్యకోణం దాని అంతరాభిముఖ కోణాల మొత్తానికి సమా..."

నొక్కాను. "నం!" అని నా ముందున్న వీపులన్నీ ఒక్కసారి ఊగాయి. ముందు నిలబడితే ఆ మాట వచ్చి నాకు తగిలేది. ఇక్కడ నేను దాని లోపల ఉన్నాను.

నా పక్కన సన్నగా ఏదో గొణుగుడు. ఆ అమ్మాయి పెదవుల దగ్గర మొదట వాళ్ల భాషలో ఏవో మాటలు, వేలితో బల్ల మీద ఒక కోణం, ఇంకో కోణం, రెండూ కలుపుతూ ఒక గీత. ఆ తర్వాత తెలుగు. ఇన్నేళ్లుగా ఇలాంటి పిల్లల జవాబు ఆలస్యమని మాత్రమే తెలుసు నాకు. అది నడిచొచ్చే దారి ఇప్పుడే విన్నాను. "...నం" అంది, ఎవరికీ వినపడకుండా. నాకు వినపడింది. మౌస్ నొక్కాను.

కాసేపటికి గుమ్మంలో హెడ్మాస్టరు సారు కనిపించాడు. ముందు నేను లేకపోయేసరికి క్లాసంతా వెతికి, వెనక బెంచిలో పిల్లల మధ్య నన్ను పట్టుకున్నాడు. పాఠం ఆగకూడదని చేత్తోనే అడిగాడు, ఆఫీసు సంగతి ఏమంటారని. పొద్దున ఆయన గదికి పోయింది ఎందుకో నాకు గుర్తుంది. తల అడ్డంగా ఊపాను. అర్థం కానట్టు ఆయన కనుబొమలెగరేశాడు. మళ్లీ ఊపాను. ఇక్కడే, అన్నట్టు బెంచి మీద అరచేయి ఆనించి చూపించాను. ఆయన ఒక క్షణం నిలబడి, మౌస్ పట్టుకున్న నా చేతినీ, ప్యానెల్‌నూ మార్చిమార్చి చూసి, నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ముందునుంచి నా గొంతు తర్వాతి మాటకు వచ్చింది. "సమబాహు త్రిభుజంలో ఒక్కో కోణం అర..."

ఆపాను. "వై!" అంది క్లాసు. వాళ్లతో పాటు నేనూ అన్నాను. గుసగుస, పెదవి దాటలేదు. పక్కనున్న అమ్మాయి వేలు బల్ల మీద ఇంకా మూడో కోణం గీస్తోంది. నేను మౌస్ మీద వేలు ఉంచి, కదపకుండా కూర్చున్నాను.